మూడడుగుల దూరం నుంచి చూడు, చిట్టీ

నాటింగ్‌హామ్,
ఆదివారం సాయంత్రం

చిట్టీ,

ఫొటోలు రెండూ చేరాయి. ఒకటి మీ టేబుల్ ఆట కోసం నువ్వు రంగేసిన చిన్న రాక్షసుడి బొమ్మ, రెండోది అదే ఆటకి కట్టిన కోటగోడ. గోడని చూసి ముందు నవ్వొచ్చింది, తర్వాత పాపం అనిపించింది. థర్మకోల్ మీద స్ప్రే కొడితే చెదలు తిన్నట్టు అయిపోతుందని నీకెవరూ చెప్పి ఉండరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఒక వంతెన పోగొట్టుకున్నాకే తెలిసింది.

"అత్తా, నాకు చెయ్యి తిరగదు, ఇవన్నీ మా గ్యాంగ్‌లో ఎవరికైనా ఇచ్చేస్తాను" అని రాశావు. ఇచ్చేద్దువుగానీ, ముందు ఒక పని చెయ్యి. ఆ రాక్షసుణ్ణి డైనింగ్ టేబుల్ మధ్యలో నిలబెట్టు. నువ్వు కుర్చీలో వెనక్కి ఆనుకుని చూడు. ఇప్పుడూ అంత ఘోరంగా ఉన్నాడా? నువ్వు ఫోన్‌ని వాడి ముక్కుకి ఆనించి ఫొటో తీశావు. కందిగింజంత తల తెరమీద నిమ్మకాయంత అయింది. శనివారం ఆటకి కూర్చున్నప్పుడు ఎవరూ అంత దగ్గరికి వంగి చూడరు. మూడడుగుల దూరం నుంచి చూస్తారు. రంగు వెయ్యాల్సింది ఆ దూరానికి.

నీ అరంగేట్రం గుర్తుందా? గ్రీన్‌రూమ్‌లో నీ మొహం చూసి మీ నాయనమ్మ జడుసుకుంది. కాటుక చెవుల దాకా లాగారు, బుగ్గలు టమాటాల్లా ఉన్నాయి. అదే మొహం ఆఖరి వరసలోంచి చూస్తే నీ కళ్లు ఎటు తిరుగుతున్నాయో నాకు తెలిసింది. మినియేచర్‌కి, అంటే ఇలాంటి చిట్టి బొమ్మకి, వేసేదీ స్టేజీ మేకప్పే. నీడ పడేచోట నువ్వు అనుకున్నదానికన్నా ముదురు రంగు, వెలుతురు పడేచోట నీకు ధైర్యం చాలనంత లేత రంగు. దగ్గర్నుంచి మోటుగానే ఉంటుంది, ఉండనీ. నీ రాక్షసుడి అసలు లోపం అదే, ఒళ్లంతా ఒకటే ఆకుపచ్చ. మెడ కిందా అంతే, భుజం మీదా అంతే.

నేనేమీ ఆర్ట్ కాలేజీలో చదివి చెప్పడం లేదు. 2003లో మీ బావ పదకొండో పుట్టినరోజుకి వార్‌హామర్ పెట్టె కొనిచ్చాం, చిన్న బొమ్మలకి రంగులేసి టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట అది. ఈ ఊళ్లో అది తప్పదు. ఆ ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ హెడ్డాఫీసు ఇక్కడే, లెంటన్‌లో ఉంది. చుట్టుపక్కల ఇలాంటి బొమ్మల కంపెనీలు ఎక్కువ కావడంతో ఈ ప్రాంతానికి 'లెడ్ బెల్ట్' అని పేరు కూడా పడింది, ఒకప్పుడు బొమ్మలన్నీ సీసంతో పోసేవాళ్లు కదా. మీ బావ ఆరు బొమ్మలకి రంగేసి వదిలేశాడు. 2010లో వాడు యూనివర్సిటీకి వెళ్లాక అటక సర్దుతుంటే ఆ పెట్టె కనబడింది. ఇల్లు బోసిగా ఉంది, బయట నాలుగింటికే చీకటి. ఒక మరుగుజ్జు వీరుడి గడ్డానికి రంగు వేద్దామని కూర్చున్నదాన్ని రాత్రి పదకొండింటికి లేచాను. మీ మామయ్య బ్రెడ్డు తిని పడుకున్నారు.

సరే, పనిలోకి వద్దాం. రాక్షసుడి మొహానికి నువ్వు గోడకి సున్నం కొట్టినట్టు కొట్టావు. సీసాలోంచి తీసిన రంగు తీసినట్టే పూస్తే శిల్పి చెక్కిన ముడతలన్నీ పూడిపోతాయి. కాసిని నీళ్లు కలిపి పల్చటి మజ్జిగలా చెయ్యి. బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూడు. గీత గీతలా నిలబడితే సరిపోయింది, గోరు చుట్టూ పారిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి. మొదటి పూతకి కింద ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత, కనిపిస్తూ దరిద్రంగా ఉంటుంది. అందరూ అక్కడే కంగారుపడి ఇంకో ముద్ద అద్దుతారు. నువ్వు మాత్రం లేచి టీ పెట్టుకో. పూర్తిగా ఆరాక రెండో పూత. అప్పటికీ చాలకపోతే మూడోది.

హైదరాబాద్‌లో ఫ్యాన్ కింద కూర్చుని వేస్తే పళ్లెంలో రంగు నీ కళ్లముందే గట్టిపడుతుంది. దానికి వెట్ పాలెట్ అని ఒకటి అమ్ముతారు, డబ్బులు పెట్టి కొనకు. మూత ఉన్న పాత స్వీటు డబ్బా తీసుకో. అడుగున నాలుగు మడతల టిష్యూ పరిచి నీళ్లతో తడుపు, మీద బటర్ పేపర్ వేసి అద్దు. రంగు ఆ పేపర్ మీద పెడితే కింది తడితో గంటలపాటు మెత్తగా ఉంటుంది. వారానికోసారి టిష్యూ మార్చాలి, లేకపోతే కంపు.

కుంచె సంగతి. నువ్వు కొన్న ఆ వెంట్రుకంత మూడు సున్నాల కుంచె పక్కన పడెయ్. అంత సన్నటిదాంట్లో రంగు నిలవదు, బొమ్మకి ఆనేలోపే ఆరిపోతుంది. ఒకటో నంబరుది మంచిది ఒకటి చాలు, మొన సూదిగా ఉండాలి. వెంట్రుకలు రేకులోకి వెళ్లే చోటిదాకా రంగు ఎక్కనివ్వకు, అక్కడ గడ్డకడితే మొన రెండుగా చీలిపోతుంది. నీళ్ల గ్లాసులో తలకిందులుగా వదిలేసి ఫోన్ చూసుకోకు. చాలామంది మొన కోసం కుంచెని నోట్లో పెట్టి లాగుతారు, ఆ అలవాటు వద్దు. చేతులు వణుకుతున్నాయన్నావు. బొమ్మని మాత్రల సీసా మూత మీద బ్లూటాక్‌తో, అదే అంటించి మళ్లీ ఊడదీసుకునే జిగురు ముద్దతో, నిలబెట్టి, మూతని పట్టుకో. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించు, మోచేతులు బల్ల మీద ఉంచు. అప్పుడు వణికినా రెండు చేతులూ కలిసే వణుకుతాయి.

ప్రైమర్ స్ప్రే ఎండలో కొట్టకు. మే నెల మధ్యాహ్నం కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి బొమ్మ మీద ఇసక చల్లినట్టు పడుతుంది. పొద్దున్నే, నీడలో, బాల్కనీలో, జానెడు దూరం నుంచి, ఊపుతూ పల్చగా కొట్టాలి. ముందు అంతా నలుపు. ఆరాక తెలుపు డబ్బా తీసుకుని పైనుంచి మాత్రమే, సూర్యుడు నెత్తిమీద ఉన్నట్టు, ఒకటి రెండు సార్లు. వెలుతురు ఎక్కడ పడాలో, నీడ ఎక్కడుండాలో బొమ్మే నీకు చూపిస్తుంది. దాని మీద పల్చటి రంగు వేస్తే సగం మేకప్ అయిపోయినట్టే. వానాకాలంలో స్ప్రే మానేసి కుంచెతో వేసే ప్రైమర్ వాడు. రంగు చెదరకుండా ఆఖర్న కొట్టే మెరుపు లేని పూత, మ్యాట్ వార్నిష్‌కి కూడా గాలిలో తేమ పడదు, తెల్లగా పొగమంచు పట్టినట్టు అయిపోతుంది. ఎప్పుడైనా ముందు ఒక్క బొమ్మ మీద కొట్టి చూసుకో.

తర్వాత వాష్. పల్చటి ముదురు రంగు అది, గుంటల్లోకి తనే జారుతుంది. చదునైనచోట మడుగు కడితే తడి కుంచెతో పీల్చెయ్. సగం ఆరినదాన్ని మాత్రం ముట్టుకోకు, టీ కప్పు మరకలా గుండ్రటి మచ్చ మిగులుతుంది. ఆ పైన డ్రైబ్రష్. పాత మేకప్ బ్రష్‌కి లేత రంగు అద్ది, దాదాపు అంతా టిష్యూకి తుడిచేసి, ఉత్తి కుంచెతో రుద్దుతున్నామా అనిపించేంత పొడిగా ఉన్నప్పుడు ఎత్తుపల్లాల మీద తిప్పు. బొచ్చు, గొలుసు కవచం, రాయి, వీటికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

కళ్లు. మన శిల్పులు విగ్రహానికి కళ్లు ఆఖర్న తెరిపిస్తారు. నేను మొదట్లోనే వేసేస్తాను. కంటి గుంట నింపి ముదురు గోధుమ రంగు, అందులో కొంచెం మాసిన తెలుపు, దాని మధ్యన చుక్క కాకుండా పైనుంచి కిందికి ఒక చిన్న నిలువు గీత. చుక్క పెడితే దెయ్యాన్ని చూసినట్టు గుడ్లప్పగిస్తాడు. గీత అటూ ఇటూ పోయినా పరవాలేదు, తర్వాత ఒంటిరంగుతో చుట్టూ దిద్దుకోవచ్చు. ఒంటిరంగు అంటే గుర్తొచ్చింది. మొదట్లో నేను కొన్న 'స్కిన్' రంగులన్నీ గులాబీ రంగే. నా వీరులకి మాత్రం మన ఊరి రంగే వేస్తాను. ఇటుక ఛాయ ఉన్న గోధుమ రంగు, నీడకి మెరూన్, వెలుతురుకి పసుపు మట్టి రంగు. వెలుతురు కోసం తెలుపు కలిపావో, బూడిద పూసుకున్న సన్యాసి తయారు.

నీ రాక్షసుడు రెజిన్ త్రీడీ ప్రింట్ అన్నావు, అంటే ద్రవ ప్లాస్టిక్‌ని వెలుతురుతో గట్టిపరిచి చేసినది. ప్రింట్ చేసిన స్నేహితుణ్ణి అడుగు, ఆల్కహాల్‌లో కడిగి యూవీ లైటు కింద గట్టిపరిచాడా లేదా అని. చేతికి జిగటగా తగిలితే గట్టిపడలేదన్నమాట, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. సాండ్‌పేపర్ పట్టేటప్పుడు తడిపి రుద్దు, ఆ పొడి పీల్చకూడదు. రాక్షసుడి రంగు వదలగొట్టే ప్రయత్నం మాత్రం చెయ్యకు. నేనొకసారి మీ బావ లోహపు బొమ్మల్ని డెట్టాల్‌లో రాత్రంతా నానబెట్టాను, ఇక్కడ అందరూ చేసే పనే. రంగు మెత్తబడి ఊడొచ్చింది. ముందు డెట్టాల్‌లోనే బ్రష్‌తో రుద్ది, తర్వాత గిన్నెల సబ్బు పట్టించి, ఆ తర్వాతే నీళ్లు తగలనివ్వాలట. నేను తిన్నగా కుళాయి కింద పెట్టాను. అంతా తారు అయింది. సింకు, చేతులు, టూత్‌బ్రష్, ఆరు బొమ్మలు, అన్నీ ఒకే జిగురు. ఇల్లు వారం రోజులు ఆస్పత్రి వాసన.

ఇక టెర్రైన్, అంటే బొమ్మలు నిలబడే గోడలు, మెట్లు, నేల. నిజం చెప్పాలంటే నాకు బొమ్మలకన్నా ఇదే ఇష్టం. నువ్వూ గోడల మనిషివే అనిపిస్తోంది, ఆ బురుజు కొలతలు బాగున్నాయి. స్ప్రేలో ఉండే ద్రావకం థర్మకోల్‌ని కరిగిస్తుంది. కాబట్టి ముందు ఫెవికాల్‌లో నల్ల రంగు, కొంచెం నీళ్లు కలిపి సందులు వదలకుండా రెండు పూతలు పూసి, రాత్రంతా ఆరనివ్వు. ఆ తర్వాత కుంచెతోనే రంగులెయ్. దొరికితే థర్మకోల్ బదులు ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ షీటు కొను, పూసలు పూసలుగా రాలదు. కట్టర్‌కి కొత్త బ్లేడు వెయ్యి. బాల్‌పెన్‌తో రాళ్ల సందులు గీసి, ఫాయిల్ పేపర్ ఉండచుట్టి దొర్లిస్తే చెక్కిన రాయిలా గరుకు తేలుతుంది.

రాయి అనగానే బూడిద రంగు డబ్బా తీస్తారు. నీకేం ఖర్మ, గోల్కొండ పక్కనే ఉంది. ఒక ఆదివారం వెళ్లి గోడ ముందు పది నిమిషాలు నిలబడు. వాన నీళ్లు కారినచోట నల్లటి చారలు, అక్కడక్కడ ఎరుపు, పసుపు, పాకుడు. నీ గోడలోనూ పదికి రెండు రాళ్లకి గోధుమ రంగు, ఒకదానికి పాచి రంగు వెయ్యి. అంతా కలిపి నల్ల వాష్, ఆ మీద లేత బూడిద రంగు డ్రైబ్రష్, అంచులకి మాత్రం మాసిన తెలుపు. చారలు పైనుంచి కిందికే రావాలి.

మెట్ల వెడల్పు ముందే కొలుచుకో. బొమ్మల కాళ్ల కింద ఉండే పీటలు, అవే బేసులు, 25 మిల్లీమీటర్లో 32 మిల్లీమీటర్లో ఉంటాయి. బేసు పట్టని మెట్టు ఎంత అందంగా ఉన్నా బొమ్మ దొర్లిపడుతుంది, ఆడేవాళ్లు తిట్టుకుంటారు. నేను కట్టిన మొదటి గోపురం ఇప్పటికీ షోకేసులోనే ఉంది, దాని మీద ఎవరూ నిలబడలేరు.

నేలకి జల్లించిన ఇసక, ఎండు గడ్డికి కొబ్బరి పీచు, రాలిన ఆకులకి వాడేసిన టీ పొడి. టీ పొడి బాగా ఎండబెట్టు, తడి ఉంటే బూజు పడుతుంది. రంపపు పొట్టుకి ఆకుపచ్చ రంగు కలిపి ఆరబెడితే పచ్చిక. కొండపల్లిలో చింతపిక్కల ముద్దలో ఈ పొట్టే కలిపి బొమ్మల అతుకులు పూడుస్తారు, మక్కు అంటారు. చిన్నప్పుడు మా నాన్న తీసుకెళ్తే గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. తెల్ల సున్నం పూత ఆరేదాకా రంగు ముట్టుకునేవాళ్లు కాదు.

మీ నాన్న స్నేహితుడొకాయన వచ్చే నెల బయల్దేరుతున్నారు. ఒకటో నంబరు కుంచెలు రెండు, గోధుమ రంగు వాష్ ఒకటి ఇచ్చి పంపుతున్నాను. స్ప్రే డబ్బాలు అడగకు, విమానంలో ఎక్కనివ్వరు. రాక్షసుడి బేసు కింద తారీఖు రాసి పక్కన పెట్టి, కొత్త బొమ్మ మొదలుపెట్టు.

ఆ కరిగిన గోడ పారేశావా? పారేయకపోతే దానికి ఫెవికాల్ నలుపు పట్టించి, గుంటల అంచులకి కాస్త నారింజ రంగు డ్రైబ్రష్ చెయ్యి. మీ ఆటలో డ్రాగన్ ఉందన్నావుగా, అది నిప్పు కక్కిన చోటు అని చెప్పి టేబుల్ మీద పెట్టు. ఈసారి ఫొటో కుర్చీలో కూర్చుని తియ్యి.

మీ అత్తయ్య