నాగకన్య గుడ్డులోంచి పుట్టిన కెంపు

ప్రశ్న: మా తాతగారు యుద్ధానికి ముందు రంగూన్‌లో పనిచేసి, తిరిగి వస్తూ ఒక కెంపు ఉంగరం తెచ్చారు. అది నాగకన్య గుడ్డులోంచి పుట్టిన రాయి అని చెప్పేవారట. ఇది మన నాగమణి కథేనా? ఎండలో పెడితే రాయి నిప్పుకణికలా వెలుగుతుంది. అసలైన బర్మా కెంపే అనుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: మీ తాతగారు చెప్పినది బర్మావారి సొంత కథ. మన కథల్లో మణి పాము పడగ మీద ఉంటుంది; 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు కూడా బృహత్సంహితలో తక్షక, వాసుకి వంశాల సర్పాలకు నీలికాంతి గల ముత్యాలుంటాయని రాశాడు. బర్మా కథలో మాత్రం రత్నమే నాగకన్య సంతానం. సూర్యదేవుని కుమారుని వలన ఆమె పెట్టిన మూడు గుడ్లలో ఒకటి, బర్మాలో కెంపుల గనులున్న మొగోక్ నేల మీద పగిలి కెంపులుగా మారిందనీ, మరొక దానిలోంచి పుట్టిన ప్యూసోథీ, బర్మా పాత రాజధాని పగాన్‌కు రాజయ్యాడనీ చెబుతారు. ఆ లెక్కన రాజూ, కెంపూ ఒక తల్లి బిడ్డలే. పెద్ద కెంపు ఎక్కడ దొరికినా రాజుకే చెందాలన్న పాత ఆనవాయితీ పక్కన ఈ కథను పెట్టి చూస్తే ఎంత చక్కగా అతుకుతుందో గమనించండి. 1829లో బాజీడో రాజు నియమించిన పండితులు రాజవంశ చరిత్ర కూర్చుతూ, నాగగర్భంలో మనిషి పుట్టాడన్న మాటను తోసిపుచ్చారు. జనం మాత్రం కథను వదలలేదు. తరం తరువాత తరం చెప్పుకొన్నారు కాబట్టే అది మీ తాతగారి చెవిన కూడా పడిందని నాకు ముచ్చటేస్తుంది.

 

ఇక మీ ఉంగరం సంగతి. మొగోక్ కెంపులు ఇనుము తక్కువగా ఉండే పాలరాతిలో పుడతాయి. వాటికి ఎరుపునిచ్చే క్రోమియం ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగలగానే తానూ ఎర్రగా వెలుగుతుంది. ఇనుము ఎక్కువైతే ఆ వెలుగు అణగిపోతుంది. అయితే 20వ శతాబ్దం తొలి ఏళ్ల నుంచే కెంపుకు మూలపదార్థమైన అల్యూమినా పొడిని మంటలో కరిగించి కృత్రిమ కెంపులు చేస్తున్నారు, అవీ ఇలాగే వెలుగుతాయి. కాబట్టి ఎండను నమ్ముకోకండి. పదిరెట్ల భూతద్దంతో రాయి లోపలికి చూడండి: గ్రామఫోను రికార్డు గీతల్లా వంపు తిరిగిన చారలుంటే అది కర్మాగారంలో చేసినది, పట్టుపోగుల్లాంటి సన్నని సూదులు ఒకదాన్నొకటి కోసుకుంటూ కనిపిస్తే అది నేలలో పుట్టిన సహజమైన రాయే కావచ్చు; అమ్మే ఉద్దేశం లేకపోయినా, ఒకసారి రత్న పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లండి.