డాక్టరమ్మను అడగండి: "గైనిక్ ఇష్టమే మేడం, కానీ అబార్షన్ అంటే చెయ్యి ఆడదు"

ప్రశ్న: నమస్తే మేడం. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్ చదువుతున్న, మా ఖాందాన్ల నేనే మొదటి డాక్టర్ని. మేం ముగ్గురం ఆడపిల్లలం, అందరికన్న చిన్నదాన్ని నేను. నేను కడుపుల ఉన్నప్పుడు మా నాయనమ్మ పోరు పడలేక అమ్మను స్కానింగ్‌కని పట్నం తీస్కపోతుంటే చిట్యాల కాడ అమ్మ బస్సు దిగిపోయిందట, ఏమన్న గానీ నేను రాను అని. నాయన కూడా దిగిండు, ఇద్దరు చాయ్ తాగి ఎదురు బస్సెక్కి ఇంటికొచ్చిండ్రట. ఈ ముచ్చట నాకు చిన్నప్పటి సంది తెలుసు. ఇప్పుడు పోస్టింగ్‌ల లేబర్ రూం చూస్తే ఇదే నా బ్రాంచ్ అనిపిస్తది గానీ ఎంటీపీ, అంటే అబార్షన్ కేసు రాంగనే కడుపుల తిప్పినట్టయి పక్కకు జరుగుత. హాస్టల్ల రోజూ ఇదే లొల్లి, ఒకామె అమెరికాల ఆ హక్కే తీసేసిండ్రు గదా అంటది, ఇంకొకామె ఇది ఆడోళ్ల హక్కు, నీకేం తెల్వదు అంటది. అబార్షన్లు చెయ్యను అనుకునేటోళ్లు గైనకాలజిస్ట్ కావద్దా? చట్టం నన్ను బలవంతం చేస్తదా?

జవాబు: బిడ్డా, ముందుగాల మీ అమ్మకు నా దండం చెప్పు. మీ నాయనకు కూడా, ఆయన దిగకుంటే ఆ కథ వేరే ఉండు.

కానీ ఆ బస్సు పోయింది ఒక దగ్గరికి, నువ్వు భయపడుతున్నది ఇంకో దాని గురించి, ఈ రెండు నీ మనసుల కలిసిపోయినయి. మీ అమ్మను తీస్కపోయింది ఆడో మగో చూపించనీకి, అది 1994ల వచ్చిన పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నేరం, చెప్పిన డాక్టరుకు మొదటిసారి మూడేండ్ల దాక జైలు, పదివేల దాక జుర్మానా, శిక్ష పడితే ఐదేండ్లు రిజిస్ట్రేషన్ బంద్. దేవరకొండ దిక్కు తండాలల్ల ఆడపిల్లలను అమ్ముకున్నరని పేపర్లల్ల చదివిన జిల్లా మనది, ఈ చట్టం ఎందుకొచ్చిందో మనకు వేరే ఎవరూ చెప్పక్కర్లే. ఎంటీపీ చట్టం వేరే, అది 1971ది, అమలుకొచ్చింది 1972 ఏప్రిల్ 1న. మీ అమ్మ మీద ఆ రోజు జరిగింది బలవంతం, ఆమె వద్దన్నది. రేపు నీ ఓపీల కూసున్నామె కావాలంటది. ఇద్దరి కాడ నువ్వు వినాల్సింది ఆ ఆడామె మాటనే, ఇంట్లోళ్ల మాట కాదు. ఇట్ల చూస్తే చిట్యాల కాడ మీ అమ్మ దిగింది ఆడోళ్ల హక్కు అంటున్న నీ ఫ్రెండ్ వైపే, నువ్వు అనుకుంటున్న వైపు కాదు, కోపం చేసుకోకు.

ఇగ అమెరికా సంగతి. ఆడ 1973ల రో వర్సెస్ వేడ్ కేసుల సుప్రీంకోర్టు అబార్షన్‌ను రాజ్యాంగ హక్కు అన్నది, 2022 జూన్ 24న డాబ్స్ కేసుల అదే కోర్టు ఆ తీర్పును కొట్టేసి మీ ఇష్టం అని రాష్ట్రాలకు ఇడిసిపెట్టింది, అందుకే ఇప్పుడు ఒక రాష్ట్రంల ఒక రూలు. మనకు కథ అట్ల నడవలే. మన దగ్గర హక్కు అని ఎవ్వరూ ఊరేగింపు తియ్యకముందే, దొంగచాటు అబార్షన్లతోని ఆడోళ్లు సచ్చిపోతున్నరని 1964ల శాంతిలాల్ షా కమిటీ వేసిండ్రు, 1966ల రిపోర్టు ఇచ్చిండ్రు, ఆ తర్వాత చట్టం. అంతకుముందు ఐపీసీ 312 కింద తల్లి ప్రాణం కాపాడనీకి తప్ప ఇంక దేనికీ లేకుండె, చేసినోళ్లకూ శిక్షనే, చేయించుకున్నామెకూ శిక్షనే. ఆ సెక్షన్ ఇప్పుడు కూడా పోలే, ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌ల 88 నంబర్ కింద ఉంది. ఎంటీపీ చట్టం చేసింది ఏందంటే దానికి ఒక తలుపు పెట్టింది, ఆ తలుపు తాళంచెవి డాక్టరు చేతికిచ్చింది. చట్టంల రాసింది చదువు ఒకసారి, ఆడామె అడిగితే చెయ్యాలె అని ఉండదు, డాక్టరు చిత్తశుద్ధితోని అభిప్రాయానికొస్తే చెయ్యొచ్చు, ఆయనకు శిక్ష పడదు అని ఉంటది. 20 వారాల దాక ఒక డాక్టరు అభిప్రాయం చాలు, 2021 సవరణ తర్వాత 20 నుంచి 24 దాక రేప్‌కు గురైనోళ్లు, మైనర్లు, కడుపుతో ఉండంగ భర్త పోయినోళ్లు లేకుంటే విడాకులైనోళ్లు, ఇట్లాంటి కొందరికి ఇద్దరు డాక్టర్లు, ఆ పైన పిండంల పెద్ద లోపం ఉంటే మెడికల్ బోర్డు. తల్లి ప్రాణం మీదికొస్తే వారాల లెక్క లేదు, బోర్డు లేదు, ఒక్క డాక్టరు నిర్ణయం చాలు.

తాళంచెవి నీ చేతుల ఉందంటే నీ అడుగుడు అర్థమైంది నాకు, తియ్యకుంటే ఏమైతది అని. బ్రిటన్‌ల 1967 చట్టంల సెక్షన్ 4 అని ఉంది, మనస్సాక్షి ఒప్పకుంటే డాక్టరు తప్పుకోవచ్చు, ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం తప్పుకునేది లేదు. మన చట్టంల అట్లాంటి సెక్షనే లేదు. చెయ్యాల్సిందే అని మెడ మీద కత్తి పెట్టే లైను కూడా లేదు. అందుకే మన దగ్గర నడిచేది ఏందంటే ఎవ్వరూ "నా మనసు ఒప్పలేదు" అని నిజం చెప్పరు, "మొగుణ్ని తీస్కరా, మీ అమ్మను తీస్కరా, కోర్టు కాగితం తే" అని తిప్పుతరు. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెండ్లి కానోళ్లకు కూడా 24 వారాల దాక అవకాశం ఉండాలె అని చెప్పిన తీర్పుల ఇదే తిట్టింది, చట్టంల లేని షరతులు పెట్టొద్దు అని.

నేను కూడా తిప్పిన. ఈ కాలమ్‌ల ఇది రాద్దునా వద్దా అని శాన దినాలు అనుకున్న, నువ్వు అడిగినవు కాబట్టి రాస్తున్న. సర్వీసుల చేరిన కొత్తల, ఒక పెద్దాస్పత్రిల డ్యూటీల ఉన్న, ఇరవై ఏండ్ల పిల్ల అక్కతోని వచ్చింది, పెండ్లి కాలే, పది వారాలుండొచ్చు. అప్పటి చట్టం కింద కూడా మానసిక ఆరోగ్యం కారణం రాసి చెయ్యొచ్చు, ఆమె సంతకం ఒక్కటే చాలు, ఈ సంగతి నాకు తెల్వదని కాదు. ఎందుకో నోట్లకెళ్లి "మీ అమ్మను తీస్కరా పో" అని వచ్చింది. ఇద్దరు ఒకరి మొఖం ఒకరు చూసుకొని పోయిండ్రు. తొమ్మిదో రోజు రాత్రి ఆటోల తెచ్చిండ్రు, ఊర్ల ఎవరో పుల్ల పెట్టిండ్రు. చెద్దరు తియ్యంగనే వాసన, నూట నాలుగు జ్వరం, చేతికి అవే ఆకుపచ్చ గాజులు, పోయినసారి చీటీ రాసేటప్పుడు చూసిన గాజులు. గర్భసంచి తీసేసినం, మనిషి బతికింది. వాళ్లక్క సెలైన్ స్టాండ్ దొరకక బాటిల్‌ను చేతుల ఎత్తి పట్టుకొని తెల్లారేదాక నిలబడ్డది, నన్ను ఒక్క మాటనలే. అననందుకే ఇప్పటికీ గుర్తుంటది.

అందుకే నీ సీనియర్లు చెప్పనిది నేను చెప్త. చెయ్యను అనేది ఒకటి, పంపించేసుడు ఇంకొకటి. చెయ్యలేకపోతే అదే రోజు, అదే గంటల, చేసేటోళ్ల పేరు, రూం నంబరు చెప్పి, కేస్ షీట్ రాసి, ఎన్ని వారాలో సరిగ్గ లెక్క తీసి పంపు, తిట్లు, నీతులు లేకుండ. వారం ఆలస్యం నీకు వారమే, ఆమెకు గోళీలతోని అయ్యేది ఆపరేషన్ దాక పోతది.

ఇంకో సంగతి, ఇది విని నవ్వకు. చట్టంల ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, రేపు నువ్వు అయ్యేటట్టు పట్టా ఉన్న డాక్టరు. మన ఊర్లల్ల ఆర్ఎంపీ అంటే ఎవరు? సైకిల్ మోటరు మీద సంచి పెట్టుకొని సూదులేసేటాయన. చట్టం ఒక ఆర్ఎంపీ చెయ్యొచ్చన్నది, ఇంకో ఆర్ఎంపీ చేస్తుండు. పట్టా లేనోడు చేస్తే రెండు నుంచి ఏడేండ్ల కఠిన జైలు అని రాసి ఉంది గానీ, మనం తలుపు మూసిన ప్రతిసారి జనం ఆయన కాడికే పోతరు.

ఇగ ట్రైనింగ్. నువ్వు అబార్షన్ చెయ్యను అన్నా ఆ పని నేర్వకుండ గైనిక్ కాలేవు, ఎందుకంటే దానంతటది కడుపు పోయి సగం లోపల్నే ఆగిన కేసులు, లోపల గుండె ఆగిన కేసులు, గోళీలు మింగి రక్తం ఆగకుండ వచ్చిన కేసులు ఇవన్నీ నీ డ్యూటీ రాత్రే వస్తయి, వాటికి వాడేది కూడా గర్భసంచి లోపలిది గుంజి తీసే అదే ఎంవీఏ సిరంజి, దాని గొట్టం అదే క్యాన్యులా, అదే చెయ్యి. ఐర్లాండ్‌ల సవితా హలప్పనవర్ అని మన కర్ణాటక పిల్ల, దంతవైద్యురాలు, 2012 అక్టోబర్ 28న సచ్చిపోయింది. 17 వారాల కడుపు, ఇగ నిలవదని తెలిసింది, తీసెయ్యమని అడిగింది, లోపల ఇంకా గుండె కొట్టుకుంటుంది, చట్టం ఒప్పదు అన్నరు, ఇన్ఫెక్షన్ ఒళ్లంత పాకింది. 2018 మే 25న ఆ దేశం ఓటేసి రాజ్యాంగంల ఉన్న ఆ నిషేధాన్నే తీసేసింది. ఆ వార్డుల ఉన్నోళ్లు దుర్మార్గులని నేననను, బహుశ నీలాంటోళ్లే, పక్కకు జరిగినోళ్లే.

నువ్వు పీజీ చేసేటప్పుడు నేర్చుకో, ఎంబీబీఎస్‌తోనే చెయ్యాలన్నా 12 వారాల దాక పర్మిషన్‌కు 25 కేసులల్ల పాల్గొనాలె, అందుల ఐదు సొంతంగ చెయ్యాలె అని రూల్స్‌ల ఉంది. పక్కకు జరుగుడు తర్వాత సంగతి, ముందుగాల వచ్చే పోస్టింగ్‌ల ఒక్క ఎంటీపీ పేషెంట్ కాడ స్టూలేసుకొని కూసొని హిస్టరీ తియ్యి, పొద్దుగాల ఏం తిన్నవు, ఇంటి కాడ పిల్లల్ని ఎవరు చూస్తుండ్రు అని అడుగు. ఆ తర్వాత నాకు మళ్ల రాయి.

ప్రశ్న: అచ్చంపేట దగ్గర మా ఊరు మేడం. మా ఆయన ముంబైల మేస్త్రి పనికి పోయిండు, సంక్రాంతికొచ్చి పోయిండు. ఇద్దరు పిల్లలు, కాపర్ టీ ఉండంగనే నెల తప్పింది, ఏడు వారాలు అన్నరు. ఒక ప్రైవేటు దవాఖానల భర్త సంతకం లేకుంటే చెయ్యం అన్నరు, ఆయన రావాలంటే పనిపోతది. ఏం చెయ్యాలె?

జవాబు: చెల్లె, మీ ఆయన్ను పిలువకు. నీకు 18 ఏండ్లు దాటినయి గనక నీ సంతకం ఒక్కటే చాలు, ఆ కాగితాన్ని ఫారం సి అంటరు, దాంట్ల భర్త సంతకానికి జాగనే లేదు. గర్భం రాకుండ పెట్టించుకున్నది ఫెయిలైతే 20 వారాల దాక చట్టమే ఒప్పుకుంటది, 2021 సంది పెండ్లి అయ్యిందా కాలేదా అని కూడా చూడొద్దు. ఏడు వారాలంటే గోళీలతోనే అయిపోతది, 9 వారాల దాక ఆ పద్ధతి ఉంది, కానీ మెడికల్ షాపుల కొని ఇంటికాడ మింగకు. కాపర్ టీ ఉండంగ కడుపైతే పిండం గర్భసంచిల ఉందా పక్క గొట్టంల ఉందా అని ముందుగాల స్కానింగ్‌ల చూడాలె, గొట్టంల ఉంటే గోళీలు పనిచెయ్యవు, లోపల పగిలి ప్రాణం మీదికొస్తది. కాపర్ టీ కూడా తీయించుకోవాలె. నాగర్‌కర్నూల్ లేకుంటే మహబూబ్‌నగర్ ప్రభుత్వ దవాఖానకు రేపే పో, పొద్దుగాల ఓపీ చీటీ తీస్కో. నీ పేరు బయటపెడితే డాక్టరుకే ఏడాది దాక జైలు, అందుకని ఊర్ల తెలుస్తదని భయపడకు.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్న. మా పాపకు ఎంబీబీఎస్ సీటొచ్చింది, గైనిక్ తీసుకుంట అంటది. అన్ని గొడవలు, కేసులు, రాత్రి డ్యూటీలు, ఈ అబార్షన్ల పంచాయితీ, వద్దంటున్నం. మీరన్న చెప్పండి.

జవాబు: అన్నా, ఇంకా ఐదున్నరేండ్లుంది, నాలుగున్నర చదువు, ఒకటి ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత నీట్ పీజీ. అప్పటికి పాప మూడుసార్లు మనసు మార్చుకుంటది. రాత్రి డ్యూటీలు మాత్రం నిజం, నా పెండ్లిరోజు కూడా లేబర్ రూంలనే అయింది రెండుసార్లు. ఒక్కటే అడుగుత, మీ ఇంట్లోళ్లకు పురుడొచ్చినప్పుడు లేడీ డాక్టర్ ఉందా అని ముందుగాల అడిగింది ఎవరు, మీరే గదా?