కాలేజీ గ్రూప్ సాంగ్‌లో అందరినీ తీసుకుంటే పాట పాడవుతుందా?

"మా కాలేజీలో పాటల బృందం పెడుతున్నారు, గొంతు అంతంతమాత్రంగా ఉన్నవాళ్ళని, చూపు లేనివాళ్ళని కూడా చేర్చుకోమంటున్నారు, ఇది అయ్యే పనేనా" అని అడిగారు కదా. అవుతుంది. నేను తెలంగాణలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తా, సంగీతంలో డిగ్రీ ఏం లేదు, అయినా ఏళ్ళ తరబడి పిల్లలతో పాడిస్తున్నా, ఆడిషన్ మాత్రం ఎప్పుడూ పెట్టలేదు, పెట్టను కూడా.

ఒక ఏడాది బీఏలో పుట్టుకతోనే చూపు లేని అమ్మాయి చేరింది. గొంతు మంచిదే, కానీ నేను చెయ్యి ఊపి పాట ఎత్తించేవాణ్ణి, అది ఆమెకి కనపడదు, పక్కవాళ్ళు మొదలుపెట్టాక అందుకునేది, అప్పటికే ఒక అక్షరం వెనకపడేది. పక్కనమ్మాయి భుజం తడితే సరిపోతుందన్నారు మిగతా పిల్లలు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. "సార్, మీరు ఎత్తుకునే ముందు ఊపిరి తీస్తరు కదా, అది నాకు ఇనిపిస్తది, జర గట్టిగ తీయండి చాలు" అంది. సరేనని ఆ రోజు అందరినీ కళ్ళు మూసుకోమన్నా. ఎండాకాలం, అయినా ఫ్యాన్లు ఆపించేశా, ఆ చప్పుడులో ఊపిరి వినపడదు మరి. మొదటిసారి తలా ఒక చోట ఎత్తుకున్నారు, వెనక వరస మగపిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. రెండు మూడుసార్లు చేశాక గది మొత్తం నాతోపాటే ఊపిరి తీయడం మొదలైంది, అంతే, పల్లవి ఒక్క గొంతులా పడింది! నేను నిదానంగా ఊపిరి తీస్తే పాట నిదానంగా, చటుక్కున తీస్తే చురుగ్గా, నడక కూడా అందులోంచే తెలిసిపోతోంది వాళ్ళకి. చెయ్యి చూసి పాడేవాళ్ళు ఒక కన్ను నా మీద, ఒక కన్ను పక్కవాడి మీద పెట్టి ఎవరో ఒకరు ముందు మొదలుపెట్టాలని ఆగుతారు, అందుకే ఎత్తుగడ చెదిరిపోతుంది. ఆ రోజు నుంచి మేం చెయ్యి ఊపడం మానేశాం, ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయి వెళ్ళిపోయినా ఇప్పటికీ ఊపిరితోనే ఎత్తుకుంటాం.

ఇక గొంతు లేదనేవాళ్ళ సంగతి. వాళ్ళలో నూటికి తొంభై మందికి గొంతు బ్రహ్మాండంగా ఉంటుంది, శ్రుతే, అంటే పాటకి ఆధారంగా పెట్టుకున్న స్వరమే, వాళ్ళది కాదు. హార్మోనియం మెట్ల లెక్కలో మగపిల్లలకి ఒకటో శ్రుతి దగ్గర హాయిగా ఉంటుంది, ఆడపిల్లలకి ఐదో శ్రుతి దగ్గర, అందరినీ ఒకే శ్రుతిలో పాడమంటే ఎవరో ఒకరు అరవాల్సిందే. ఈ కరోకే ట్రాకులొచ్చాక మరీ ఘోరం, సినిమాలో ఎవరో మహా గాయకుడు పాడిన శ్రుతిలో ట్రాక్ పెట్టేసి పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి పాడమంటారు, వాడు పైస్థాయి అందుకోలేక ఆగితే "నీకు పాట రాదు" అని కూర్చోబెడతారు, వాడు జన్మలో మళ్ళీ నోరు తెరవడు. నాకు దీని మీద చాలా కోపం. మీరు తంబూరా యాప్ పెట్టుకుని ఆ పిల్లాడు మామూలుగా కూనిరాగం తీసే చోటు ఏదో వినండి, అక్కణ్ణుంచి మొదలుపెట్టి, ఆ శ్రుతి హాయిగా అందేవాళ్ళని వాడితో కలిపి పాడించండి. బతుకమ్మ పాటలు చూడండి, చాలావరకు ఐదారు స్వరాలు దాటవు, ఒకరు ఎత్తుకుంటే మిగతా అందరూ ఉయ్యాలో అని అందుకుంటారు, అక్కడ ఏ అమ్మమ్మనైనా ఎవరైనా ఆడిషన్ అడిగారా?

అసలు చిక్కంతా యూత్ ఫెస్టివల్‌తో వస్తోంది. యూనివర్సిటీల పోటీల్లో గ్రూప్ సాంగ్‌కి ఆరుగురికి మించి పాడకూడదు, దాంతో కాలేజీలు ఆ ఆరుగురినే తయారుచేసి మిగతా పిల్లల్ని చప్పట్లకి వాడుకుంటాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వాళ్ళకి ఉంచాలి, సీటిచ్చి స్టేజీ మెట్ల దగ్గర ఆపేస్తే ఏం లాభం? పోటీ టీమ్ వేరే పెట్టుకోండి, దాన్నీ దీన్నీ కలపొద్దు.

ఇంకో మాట, పాట సాహిత్యం పుస్తకంలో రాసి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. చేతిరాత ఫొటోని ఫోన్ సరిగ్గా చదవలేదు. తెలుగులో టైప్ చేసి పెడితే ఫోన్ తెర మీద ఉన్నది చదివే టాక్‌బ్యాక్ అనే సదుపాయం దాన్ని చదివి వినిపిస్తుంది, చూపు లేని పిల్లలు అందరికంటే ముందే నేర్చుకుని వస్తారు.