వెబ్‌సైట్ పెడుతున్న నా కోడలికి

బిడ్డా,

నిన్న పొద్దున మీ అమ్మ ఫోన్ చేసి, "నీ కోడలు హైదరాబాద్‌ల ఉద్యోగం ఇడిచిపెట్టి హనుమకొండల ప్లాట్ల వెబ్‌సైట్ పెడుతదట, అంతా నీ సావాసమే" అంది. నేను నోరు తెరిచేలోపు పెట్టేసింది. చిన్నప్పుడు నిన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని సైట్లకు తిప్పడమే తప్పైతే ఒప్పుకుంటాను. మడికొండ దగ్గర ఒకసారి హద్దురాళ్లు లెక్కపెట్టి, "మామా, ఒక రాయి తక్కువుంది" అన్నావు. నీకు ఏడేళ్లుంటాయేమో. వెళ్లి చూస్తే నిజంగానే తక్కువుంది. ఆ రోజు రాత్రి మీ అత్తకు ఆ ముచ్చట రెండుసార్లు చెప్పాను. మీ అమ్మకు మాత్రం ఇప్పటిదాకా చెప్పలేదు.

కంప్యూటర్ సంగతులు నీకు నేను చెప్పేదేమీ లేదు. ఫోటోలు బాగుండాలి, ధర రాయాలి, ఫోన్‌లో పేజీ తొందరగా తెరుచుకోవాలి. ఇవన్నీ నీకు తెలుసు. నా టెన్షనంతా ఆ తర్వాత సంగతి గురించే. చూసినవాడు బటన్ నొక్కాక ఆ నంబరు ఎటు పోతుంది, ఎవరి చేతిలో పడుతుంది?

కొంటానని అడిగిన మనిషిని మీరు లీడ్ అంటున్నారు, మేము పార్టీ అనేవాళ్లం. 1994లో నేను ప్లాట్ల బేరాలు కుదిర్చడానికి చౌరస్తాలో కూర్చోవడం మొదలుపెట్టినప్పుడు నా వెబ్‌సైట్ ఒక చాయ్ హోటల్. కౌంటర్ మీద ఫోను, పక్కన మేకుకు వేలాడే నోటుబుక్కు. ఎవరు ఫోన్ చేసినా హోటలాయన పేరు, ఊరు, ఏ జాగా గురించి అడిగారో రాసిపెట్టేవాడు. నెలకింత అని ఇచ్చేవాణ్ణి. ఏ జాగానో రాయడం మరిచిపోయాడంటే ఆ పేజీ చిత్తుకాగితమే. అవతలివాడు ఎత్తగానే "మీరు ఏ ప్లాటు అడిగారు సార్" అనాల్సి వస్తే అక్కడికే సగం బేరం పోయినట్టు. నీ ఫారం కూడా అంతే. పేరు, నంబరు, ఏ టైములో చేస్తే వీలు, ఈ మూడు అడుగు చాలు. ఏ ప్లాటు చూసి నొక్కాడు, ఆ రోజు పేజీ మీద గజం ధర ఎంతుంది, ఇవి వాళ్లు నింపకుండానే ఫారం వెంట రావాలి. బడ్జెట్ అడగకు. మనవాళ్లు ఇరవై ఐదు లక్షలుంటే పద్దెనిమిది అని రాస్తారు. నేనైనా అదే పని చేస్తాను.

నంబర్ల దగ్గర జాగ్రత్త. ఒకసారి ముందు సున్నా పెట్టి, ఇంకోసారి తొంభై ఒకటి పెట్టి, మరోసారి మధ్యలో ఖాళీ వదిలి ఒకే మనిషి మూడుసార్లు కొడతాడు. నీ లెక్కలో ముగ్గురవుతారు. అన్నీ ఒకే తీరుకు తెచ్చి, పాత నంబరేమో చూసుకున్నాకే కొత్త లీడ్ అనుకో. అట్లాగని దేశం కోడ్ తీసిపారేయకు. అమెరికా నంబర్లకూ పది అంకెలే. మన ఊరి ప్లాట్లు కొనేవాళ్లలో అక్కడి పిల్లలు ఎంతమందో నీకు తెలుసు. మనం పొద్దున ఎనిమిదింటికి చేస్తే డల్లాస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. అది మంచి టైము. మన దగ్గర మధ్యాహ్నం అన్నం తిని తీరిగ్గా చేస్తే వాళ్లను నిద్రలో లేపినట్టే.

ఊరి పేర్ల సంగతి ఇంకో తలనొప్పి. హైదరాబాద్‌లో కోడ్ రాసే పిల్లలకు ఇది తట్టదు. 2016 అక్టోబరులో మన పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. అప్పుడు అర్బన్, రూరల్ అన్నారు. 2021కి వచ్చేసరికి అర్బనేమో హనుమకొండ జిల్లా, రూరలేమో వరంగల్ జిల్లా అయింది. హనుమకొండ సుబేదారిలో ఇల్లు వెతికే మనిషి నోటికి అలవాటైనట్టు "వరంగల్" అని నొక్కుతాడు. నీ వెబ్‌సైట్ జిల్లా పేరు పట్టుకుని దాన్ని వరంగల్ జిల్లా నర్సంపేటలో ఉండే మన మనిషికి పంపిస్తుంది. అతను అర్ధగంట నర్సంపేట ప్లాట్ల గురించి చెప్తాడు. అందుకే వాళ్లు రాసిన ఊరును నమ్ముకోకు. ఏ ప్లాటు పేజీలో ఉండి నొక్కారో ఆ ప్లాటు ఏ ఏజెంటు చూసుకుంటున్నాడో అతనికే పోవాలి. ఏ ప్లాటూ చూడకుండా మొదటి పేజీ నుంచి అడిగినవాళ్లు కొందరుంటారు. వాళ్లకు నువ్వే ఫోన్ చెయ్, కనీసం మొదటి ఆరు నెలలు. కాజీపేట, హసన్‌పర్తి, మామునూరు, ధర్మసాగర్ అని వాళ్ల నోటి నుంచే వస్తుంది. అప్పుడు పంపు.

ఇప్పుడు ఎవరికీ చెప్పని ముచ్చటొకటి చెప్తాను.

2014లో ఒక పిల్లగాడితో ఎనిమిది వేలిచ్చి నేనూ ఒక వెబ్‌సైట్ పెట్టించాను. నీకు గుర్తుండదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. పది ప్లాట్లు, నాలుగు ఇళ్లు, పైన భద్రకాళి చెరువు ఫోటో. ఫారం నింపితే నాకు మెయిల్ వచ్చేది. నేను మెయిల్ ఎప్పుడు చూస్తాను? రెండు రోజులకోసారి. అందుకని నా తెలివికొద్దీ ఒక ఏర్పాటు చేయించాను. ఫారం వచ్చిన వెంటనే నా దగ్గర పనిచేసే ముగ్గురికీ ఒకేసారి ఎస్సెమ్మెస్ పోవాలి, ఎవడు ముందు ఫోన్ చేస్తే పార్టీ వాడిదే. పోటీ ఉంటే పని గబగబా అవుతుందని నా లెక్క. చౌరస్తాలో నలుగురికి చెప్పుకుని మురిసిపోయాను కూడా.

భూపాలపల్లి నుంచి ఒకాయన నింపాడు. సింగరేణిలో పనిచేసి రిటైరై దిగిపోయిన మనిషి. హసన్‌పర్తి రోడ్డులో మేము పెట్టిన రెండు వందల గజాల ప్లాటు చూశాడు. పేజీ మీద గజం నాలుగు వేల రెండు వందలు. ఇరవై నిమిషాల్లో మా వాళ్లు ముగ్గురూ ఫోన్ చేశారు. మొదటివాడు పేజీ మీదున్న ధరే చెప్పాడు. రెండోవాడు తన వాటా కలిపి నాలుగు వేల ఏడు వందలన్నాడు, "సాయంత్రంలోపు బయానా ఇయ్యకపోతే పోతది" అన్నాడు. మూడోవాడికి తన చేతిలో వేరే ప్లాటుంది. "అది నిన్ననే అమ్ముడుపోయింది, ఇంకోటి చూపిస్త" అన్నాడు.

చీకటిపడ్డాక ఆయన నాకు ఫోన్ చేశాడు. వెబ్‌సైట్ కింద నా నంబరుండేది. "సార్, ఒక్క జాగకు గిన్ని మాటలేంది? ఉన్నదా, పోయిందా? రేటెంత?" అని మెల్లగా అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో. నేనేం చేశానో తెలుసా? నవ్వాను. "బేరమన్నంక గట్లనే ఉంటది, మీరు రాండ్రి, కూసొని మాట్లాడుకుందాం" అన్నాను. "మంచిది సార్" అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. నేనూ చేయలేదు. ఆ ప్లాటు పదిహేను రోజుల్లో ఇంకొకరికి అమ్ముడుపోయింది, నేను మరిచిపోయాను.

2020 ఆగస్టు వానలు నీకు గుర్తున్నాయి కదా, నయీంనగర్ నాలా పొంగి హనుమకొండలో కాలనీలకు కాలనీలే మునిగాయి. ఆ తర్వాత రెండు మూడు నెలలకు ఒక పెద్దాయన కవరు పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. ఉన్న ప్లాటు అమ్మాలన్నాడు. నీళ్లు వారం రోజులు నిలబడ్డాయట. కాగితాలు తీసి చూశాను. రిజిస్ట్రేషన్ అయింది, లింకు డాక్యుమెంట్లున్నాయి. కానీ సర్వే నంబరు చూడగానే నాకు అర్థమైంది. చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే భూమి. ఎఫ్‌టీఎల్ అనే నిండు చెరువు నీటి హద్దుకు లోపల. కాకతీయులు కట్టిన గొలుసుకట్టు చెరువులున్న ఊరిది, ఎండాకాలం శిఖం మైదానంలాగే కనపడుతుంది. ఎవడో రాళ్లు పాతి, మట్టి రోడ్లు వేసి అమ్మేశాడు. దిగిపోయినప్పుడు వచ్చిన పైసలన్నీ అందులోనే పెట్టాడట.

"ముందుగాల కంప్యూటర్ల ఒక మంచి జాగ చూసిన సార్, హసన్‌పర్తి దిక్కు" అన్నాడు చాయ్ తాగుతూ. "ముగ్గురు ఫోన్ జేసి మూడు తీర్ల చెప్పిన్రు. గీ కంప్యూటరోళ్లంత మోసగాళ్లే అని భయమైంది. మా తోటి పనిచేసినాయన ఇది చూపిస్తే కొన్న."

ఆయన పోయాక పాత మెయిల్ తెరిచి వెతికాను. అదే నంబరు.

నేనేనని ఆయనకు చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. ఆ ప్లాటు అమ్మిపెట్టలేనని మాత్రం చెప్పాను. ఇంకొకరికి అంటగట్టలేను కదా. చాయ్ పైసలు నేనిస్తానన్నా వినకుండా ఆయనే ఇచ్చి పోయాడు.

కాబట్టి పిల్లా, ఇది ఒక్కటి మాత్రం నా మాట విను. ఒక నంబరు ఒక్క మనిషికే పోవాలి. ఎవరికి పోయిందో కొనేవాడికీ తెలియాలి. ఫారం నొక్కగానే "మీకు ఫలానా ఆయన ఈ నంబరు నుంచి ఫోన్ చేస్తారు, మీరు చూసిన ధర ఇది" అని మెసేజ్ పోయేట్టు చెయ్. ఇంకెవరైనా చేస్తే కొనేవాడే పట్టుకుంటాడు. ఏజెంటుకు పది నిమిషాలు టైమివ్వు. అప్పటికీ ఫోన్ చేయకపోతే అతని దగ్గర తీసేసి పక్కవాడికి ఇవ్వు, మొదటివాడికి ఇక ఆ నంబరు కనపడకూడదు. అప్పుడు కొనేవాడికి ఇంకో మెసేజ్ పోవాలి. అదే మనిషి రెండు నెలల తర్వాత వేరే ప్లాటు అడిగితే ముందు మాట్లాడినవాడికే పంపు. లేదంటే కమీషన్ దగ్గర మీ వాళ్లే కొట్టుకుంటారు. వంతులవారీగా పంచడం సమానంగా ఉంటుందని నీకు అనిపించవచ్చు. ఏజెంట్ల మధ్య అది సమానమే. కొనేవాడికి మాత్రం ఆ జాగా ఎప్పుడూ చూడనివాడు తగలవచ్చు.

వాట్సాప్ బటన్ పెట్టు, ఫారం అంటే విసుక్కునేవాళ్లు దాన్నే నొక్కుతారు. కానీ అది ఆఫీసు నంబరే కావాలి. ఏజెంటు సొంత ఫోనుకు పోతే ఆ ముచ్చట్లు నీ లెక్కలోకి రావు, అతను మానేసిన రోజు నంబర్లన్నీ అతనితోనే పోతాయి. నాకట్లా ఒకడు పోయాడు. వాడి పేరెత్తితే మీ అత్తకు ఇప్పటికీ బీపీ పెరుగుతుంది.

రియల్ ఎస్టేట్ మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ రెరాలో ఏజెంటుగా రిజిస్టర్ చేయించుకో, వెబ్‌సైట్ తెరవడానికి ముందే. అది లేకుండా రెరా ప్రాజెక్టులో బేరం కుదిర్చితే రోజుకు 10,000 రూపాయల జరిమానా. 500 చదరపు మీటర్లు దాటిన వెంచరైతే రెరా నంబరు లేకుండా ప్రకటనే వేయకూడదు. వెంచరువాడెంత దగ్గరివాడైనా సరే. నంబర్లు ఎందుకు తీసుకుంటున్నావో ఫారం కిందే రాసి ఒప్పుకోలు తీసుకో, జనం సొంత వివరాలు కాపాడడానికి 2023లో చేసిన చట్టం అడిగేది అదే. ఎవరైనా వచ్చి "మీ లీడ్ల లిస్టు కొంటాం" అంటే చాయ్ కూడా పోయకుండా పంపించు.

ఇక ప్లాటు పేజీలోకి ఎక్కించే ముందు సర్వే నంబరు నాకు పంపు. నవ్వకు. భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, పాసుబుక్కు, పట్టణాభివృద్ధి సంస్థ కుడా ఒప్పుకున్న లేఅవుట్ నువ్వు చూసుకుంటావు, తెలుసు. శిఖం మాత్రం నేను చూస్తాను. ఏ చెరువు ఎక్కడిదాకా వచ్చేదో ముప్పై ఏళ్లుగా కాళ్లతో తిరిగి చూసినవాణ్ణి. మోకాళ్లు నొప్పులున్నా స్కూటర్ ఇంకా నడుస్తుంది. మీ అమ్మ ఒప్పుకునేదాకా మేడమీద గది ఆఫీసుకు వాడుకో. కిరాయి సంగతి ఎత్తితే ఊరుకోను.

అమ్ముడుపోయిన ప్లాటును ఆ రోజే తీసెయ్. "ఉండనీ, చూసినవాళ్లు ఫోన్ చేస్తారు కదా" అని మీ ఏజెంట్లు అంటారు. నేను కూడా అనేవాణ్ణి.

వెబ్‌సైట్ మొదలయ్యాక ఏదో ఒక రోజు వేరే పేరుతో, మీ అత్త నంబరుతో నేను ఫారం నింపుతాను. ఆదివారం సాయంత్రం కావచ్చు, పండుగనాడు కావచ్చు. ఫోన్ ముందు పెట్టుకుని, గడియారం చూస్తూ కూర్చుంటాను. ఎన్ని నిమిషాలకు మోగుతుందో, ఎంతమంది చేస్తారో చూస్తాను. ఏ రోజో మాత్రం చెప్పను.

నీ మామ
హనుమకొండ