రిపోర్టులన్నీ నార్మల్... బాధ మాత్రం తగ్గడం లేదు

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. రెండేళ్ల క్రితం వారం పాటు జ్వరం వచ్చి తగ్గింది. అప్పటి నుంచి విపరీతమైన నీరసం, ఒళ్లునొప్పులు, కాసేపు నిలబడితే గుండెదడ. ఏ రోజైనా కాస్త ఎక్కువ పని చేస్తే మర్నాడు మంచం దిగలేను. రక్తపరీక్షలు, ఈసీజీ, స్కానింగులు అన్నీ నార్మల్. నలుగురు డాక్టర్లకు చూపించుకున్నాను. చివరగా చూసినవారు ‘మీకేమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి’ అన్నారు. ఇంట్లోవాళ్లూ ఇప్పుడు అదే మాట అంటున్నారు. నాకు నిజంగా ఏ జబ్బూ లేదా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ నిజమైనదే. రిపోర్టులు బాగున్నాయంటే ఆ పరీక్షల్లో తెలిసే జబ్బులు లేవని మాత్రమే అర్థం. అది మంచి కబురే. కానీ అక్కడితో వెతకడం ఆపేయకూడదు. ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా దీర్ఘకాలం నొప్పులు ఉండే జబ్బు), క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (ఏళ్ల తరబడి వదలని తీవ్ర నీరసం) వంటి వాటిని నిర్ధారించే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. రోగి చెప్పేది ఓపిగ్గా విని, అలాంటి లక్షణాలే ఉండే ఇతర జబ్బులు లేవని చూసుకుని డాక్టరు తేల్చాల్సిందే.

మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన వాక్యం ‘మర్నాడు మంచం దిగలేను’ అన్నది. మామూలు అలసట నిద్రపోతే తీరుతుంది. శ్రమ చేసిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో లక్షణాలన్నీ ఒక్కసారిగా పెరిగి, రోజుల తరబడి తగ్గకపోవడం క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌కు ముఖ్య లక్షణం. ఇది చాలామందిలో ఏదో ఒక ఇన్ఫెక్షన్ తర్వాతే మొదలవుతుంది. కోవిడ్ తర్వాత కూడా ఎందరిలోనో ఇదే తీరు చూస్తున్నాం. ఉత్తరం చదివి మీకు అదే ఉందని నేను చెప్పలేను. అయితే ‘వ్యాయామం చేస్తే అదే పోతుంది’ అన్న సలహాను ఈ అనుమానం తీరేదాకా పక్కన పెట్టండి. ఈ జబ్బు ఉన్నవారికి వ్యాయామాన్ని వారం వారం పెంచుకుంటూ పోయే చికిత్స ఇవ్వవద్దని బ్రిటన్‌లో వైద్య చికిత్సలపై సూచనలిచ్చే నైస్ సంస్థ 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఒంట్లో ఉన్న శక్తి మేరకే పని చేయడం, పూర్తిగా అలసిపోకముందే ఆగడం మేలు. ఒంట్లో బాగున్న రోజున పెండింగు పనులన్నీ చేసేయాలనిపిస్తుంది. దెబ్బతీసేది అదే.

ఇక గుండెదడ. దీనికి ఇంట్లోనే చేయదగ్గ చిన్న పరీక్ష ఉంది. పక్కన ఒకరిని ఉంచుకోండి. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని నాడి లెక్కపెట్టండి. తర్వాత లేచి కదలకుండా నిలబడి రెండో నిమిషంలో, ఐదో నిమిషంలో, పదో నిమిషంలో మళ్లీ లెక్కించి రాసుకోండి. కళ్లు తిరిగితే వెంటనే కూర్చోండి. బీపీ పెద్దగా పడిపోకుండానే నాడి పడుకున్నప్పటికంటే నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ సార్లు పెరిగి, అలాగే ఉంటుంటే పాట్స్ (నిలబడితే గుండె అతిగా కొట్టుకోవడం) అనే సమస్యను అనుమానించాలి. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఇది దొరకదు. బీపీ మిషన్ ఉంటే ప్రతిసారీ బీపీ కూడా రాయండి. ఈ అంకెలు డాక్టరుకు చాలా ఉపయోగపడతాయి.

పాత రిపోర్టుల్లో ఫెరిటిన్, విటమిన్ బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఉన్నాయేమో చూడండి. హిమోగ్లోబిన్ సరిగ్గానే ఉన్నా, ఐరన్ నిల్వలు అడుగంటి నీరసం రావచ్చు. ఆ సంగతి ఫెరిటిన్‌లోనే తెలుస్తుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, అవి థైరాయిడ్ రిపోర్టును తారుమారు చేస్తాయి. సీలియాక్ వ్యాధికి (గోధుమల్లోని గ్లూటెన్ పడకపోవడం), నిద్రలో శ్వాస ఆగే సమస్యకు పరీక్షలు జరిగాయా అని కూడా అడగండి. అంతకుమించి ఉన్న పరీక్షలన్నీ చేయించుకోవద్దు. ఉదాహరణకు, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బుల కోసం చేసే ఏఎన్ఏ పరీక్ష ఆరోగ్యవంతుల్లో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. దాంతో లేనిపోని భయం పట్టుకుంటుంది.

టెన్షన్ విషయానికి వస్తే, ఆందోళన, డిప్రెషన్ కూడా ఒంటిని పీడిస్తాయి. రెండేళ్లు ఇలా గడిపినవారికి అవి తోడవడంలో వింత లేదు. ఉంటే వాటికీ చికిత్స తీసుకోండి. కానీ రిపోర్టుల్లో ఏమీ దొరకలేదన్న ఒక్క కారణంతో ‘ఇది టెన్షనే’ అని తేల్చడం సరికాదు. ఆ నిర్ధారణకూ తగిన లక్షణాలు కనిపించాలి.

ఇకపై ఐదో డాక్టరు, ఆరో డాక్టరు అంటూ తిరగకండి. ఓపిగ్గా వినే జనరల్ ఫిజీషియన్ ఒకరిని ఎంచుకుని ఆయన దగ్గరే కొనసాగండి. జ్వరం ఎప్పుడు వచ్చింది, ఏ లక్షణం ఎప్పుడు మొదలైంది, ఏయే మందులు వాడారు, ఇంతకుముందు చేసి ఇప్పుడు చేయలేకపోతున్న పనులేమిటి అన్నవి ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. ‘చాలా నీరసం’ అనేకంటే ‘స్నానం చేశాక అరగంట పడుకోవాల్సి వస్తోంది’ అని రాస్తే డాక్టరుకు పరిస్థితి వెంటనే అర్థమవుతుంది. మీరు బాగా లేని రోజులను కళ్లారా చూసిన ఇంటి మనిషిని వెంట తీసుకెళ్లండి. జబ్బు పేరు తేలేదాకా చికిత్స ఆపనక్కర్లేదు. నొప్పికి, నిద్రకు, గుండెదడకు ఇప్పుడే ఉపశమనం అడగండి.

కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం వదలకపోవడం, రాత్రిళ్లు బట్టలు తడిసేలా చెమటలు, మలంలో రక్తం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం వారాల తరబడి ఎదురుచూడకుండా త్వరగా డాక్టరును కలవండి. చేయి లేదా కాలు చచ్చుబడినట్లు అనిపించినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.