సినిమా ‘భయంకరంగా ఉంది’: మెచ్చుకోలా, తిట్టా?

సందేహం: తిరుపతిలో ఒక చిన్న బడ్జెట్ దయ్యం సినిమా చూసి వచ్చి మిత్రులం వాదించుకున్నాం. ఒకరు ‘సినిమా భయంకరంగా ఉంది’ అంటే కొందరికి మెచ్చుకోలుగా, కొందరికి తిట్టుగా తోచింది. నిజానికి దయ్యం కనబడినప్పుడల్లా హాలంతా నవ్వులే. భయపెట్టబోయి నవ్వించిన సినిమాను తెలుగులో ఏమనాలి? దయ్యమా, దెయ్యమా? ‘దయ్యం పూనింది’ అనవచ్చా?

సమాధానం: భయంకరం అంటే భయాన్ని కలిగించేది. భయ శబ్దానికి ‘చేయు’ అనే అర్థమున్న సంస్కృత కృ ధాతువు చేరి, నడుమ మకారం అదనంగా వచ్చిన రూపమిది. పాణిని దీన్ని తన వ్యాకరణం అష్టాధ్యాయిలో 3-2-43 సూత్రంతో సాధించాడు. ఈ అర్థంలో దయ్యం సినిమాను భయంకరంగా ఉందనడం మెచ్చుకోలే. అయితే వాడుకలో ఈ మాటకు ‘భరించలేనంత’ అనే అర్థం కూడా స్థిరపడింది: భయంకరమైన ఎండ, భయంకరమైన తలనొప్పి. ఎండ విషయంలో ఎవరూ తికమకపడరు, భయపెట్టడం ఎండ పని కాదు గనుక. దయ్యం సినిమా పనే భయపెట్టడం. అందుకే రెండర్థాలూ ఒకేచోట ఢీకొని మీ మిత్రులు రెండుగా చీలారు.

ఇలాంటిచోట విశేషణాన్ని వదిలి క్రియను పట్టుకోవాలి. ‘నాకు భయం వేసింది’, ‘సినిమా భయపెట్టింది’, ‘చివరిదాకా కూర్చోలేకపోయాం’ అంటే ఎవరికి ఏం జరిగిందో తేలిపోతుంది. మీ చిత్తూరు సీమ మాటలో ‘జడుసుకుంటిమి’ అంటే మరీ మంచిది. జడియు అనే క్రియ కావ్యభాషలోనూ ఉన్నదే, దాన్ని మోటు అనుకోనక్కర్లేదు.

భయాల్లోనూ తేడాలున్నాయి. నిశ్శబ్దంలో హఠాత్తుగా తలుపు చప్పుడైతే కలిగేది ఉలికిపాటు, అది క్షణంలో పోతుంది. ఏదో రాబోతోందని ముందునుంచీ గుండెలో కొట్టుకునేది దడ. వెంట్రుకలు నిక్కబొడుచుకుంటే గగుర్పాటు. పురుగులూ కుళ్ళిన ఒళ్ళూ చూపితే కలిగేది భయం కాదు, రోత, కంపరం. చిన్న సినిమాలు ఎక్కువగా ఉలికిపాటు మీదే బతుకుతాయి, దానికి పెద్ద చప్పుడు ఒక్కటి చాలు గనుక. ‘నాలుగుసార్లు ఉలిక్కిపడ్డాను గానీ దడ పుట్టలేదు’ అని ఒక్క వాక్యం రాస్తే, చదివినవారికి సినిమా స్వభావం తెలిసిపోతుంది.

ఇక అసలు ప్రశ్న. భయపెట్టబోయి నవ్వించడానికి మన అలంకారశాస్త్రంలో సరిగ్గా అతికే మాట ఉంది: రసాభాస, అంటే రసంలా కనబడి రసం కాలేకపోయినది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు భయానకరసానికి చెప్పిన కారణాలు చూడండి: వికృతధ్వనులు, భూతాలు కనబడటం, నక్కలూ గుడ్లగూబలూ, పాడుపడ్డ ఇల్లు, అడవి. ఈనాటి దయ్యం సినిమా సామగ్రి కూడా దాదాపు ఇదే. సామగ్రి అంతా ఉన్నా రసం పండకపోవడానికి కారణం అనౌచిత్యం, అంటే తగనితనం, అంటాడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు. ఏ రసమైనా అనుచితంగా నడిచి ఆభాస అయితే హాస్యానికే దారితీస్తుందని అభినవభారతి అనే ఆ వ్యాఖ్యలో ఆయన వివరణ. మీ హాల్లో జరిగింది ఇదే. దయ్యానికి పూసిన తెల్ల పౌడరు గడ్డం దగ్గర ఆగిపోయి మెడ మామూలు రంగులో కనబడుతుంది, విగ్గు అంచు నుదుటి మీద లేస్తుంది, నెత్తురు గులాబీరంగు షర్బతులా కారుతుంది, దయ్యం రాకముందే వాయిద్యాల మోత దాని రాకను చాటేస్తుంది. ఇందులో ఏ ఒక్కటి తగిలినా ప్రేక్షకుడి కన్ను దయ్యాన్ని వదిలి వేషాన్ని చూస్తుంది, భయం అక్కడే తెగుతుంది. ఇంత మంచి మాటను గందరగోళంగా ముగిసిన సభలకే వదిలేయనక్కర్లేదు. ‘భయానకం రసాభాస అయింది’ అని సినిమా గురించి ధైర్యంగా రాయండి.

అయితే రసాభాస అన్న మాట చేతకాక వచ్చిన అతికి మాత్రమే చెల్లుతుంది. దర్శకుడు కావాలనే వేషాన్నీ కేకల్నీ పెంచి, ప్రేక్షకుణ్ణి నవ్వుకొమ్మని పిలిస్తే అక్కడ అనౌచిత్యమే ఔచిత్యం. అలాంటిదాన్ని ‘దయ్యాల ప్రహసనం’ అనవచ్చు. ప్రహసనం అంటే హాస్యనాటకం, సంస్కృత నాటకాల పది రకాల్లో (దశరూపకాల్లో) ఒకటి, గౌరవమైన మాట. ఈ తేడా చూడకుండా రెంటినీ ‘చెత్త’ అనేయడం ఆ చిన్న సినిమాకు అన్యాయం. అలాగే ‘హాస్యాస్పదం’ అనే మాటతో జాగ్రత్త. నవ్వించేదని మెచ్చుకుంటున్నామనుకొని చాలామంది దీన్ని వాడతారు. ఆస్పదం అంటే చోటు. నవ్వులపాలైనదనే అర్థం కాబట్టి అది నిందే. మెచ్చుకోవాలంటే ‘నవ్వించింది’ చాలు.

ఇలాంటి అభిప్రాయాల్లో తరచూ కనబడే తప్పు ఇంకొకటి: ‘భీభత్సం’. సరైనది బీభత్సం. దీనికి భీతితో చుట్టరికం లేదు, ఇది బధ ధాతువు నుంచి పుట్టింది. మొదటి అక్షరానికి ఒత్తు లేదు, రెండోదానికి ఉంది.

దయ్యం, దెయ్యం రెండూ సాధువులే. దైవం నుంచి దయ్యం వచ్చింది. య్య ముందున్న అకారం పలుకుబడిలో ఎకారమవుతుంది, శయ్య సెజ్జ అయినట్టు. రాతలో నేను దయ్యమే వాడతాను. ఒకే వ్యాసంలో రెండూ కలపకపోతే చాలు. పాత కావ్యాల్లో దయ్యమంటే దేవుడూ విధీ కూడా. మూడు భాషలు వినబడే మీ చిత్తూరు సీమలో ఈ రెండర్థాలూ ఇప్పటికీ చెవిన పడతాయి: తమిళుల తెయ్‌వం దేవుడు, కన్నడిగుల దెవ్వ దయ్యం. తమిళంలో దయ్యాన్ని పేయ్ అంటారు.

చివరిది పూనకం. మీ తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూసినవారికి ‘అమ్మ పూనింది’ అనే మాట కొత్త కాదు. పూనడం దేవతకు చెల్లే మాట. దయ్యానికి పట్టడం, గాలికి సోకడం. ‘దయ్యం పూనింది’ అంటే అర్థం తెలియకపోదు గానీ, జాతర ఎరిగిన చెవికి అది కొడుతుంది. పాత్రలో చేరింది అమ్మవారైతే ‘పూనింది’ అనండి, దయ్యమైతే ‘పట్టింది’ అనండి. అదెవరో చివరి రీలు దాకా దాచిన కథ అయితే ‘ఆవహించింది’ అని రాయండి. ఆ మాట రెంటికీ సరిపోతుంది, సినిమా చూడనివారికి గుట్టు బయటపడదు.