కామన్‌లా పార్ట్‌నర్‌కి కెనడా పీఆర్: ఇంట్లో దాచిందే ఫైల్లో చూపించాలి

బ్రాంప్టన్‌లో ఉన్నా, సర్రీలో ఉన్నా మన పిల్లలు నన్ను అడిగే మాట ఇంచుమించు ఒకటే. "అక్కా, నాకు పీఆర్ వచ్చింది. తనది వర్క్ పర్మిట్, త్వరలో అయిపోతుంది. రెండేళ్లుగా కలిసే ఉంటున్నాం, పెళ్లి మాత్రం కాలేదు. ఇంట్లో ఇంకా చెప్పలేదు. తనని నేను స్పాన్సర్ చేయొచ్చా?"

చేయొచ్చు. పీఆర్ అంటే కెనడాలో శాశ్వత నివాస హోదా, స్పాన్సర్ చేయడమంటే మీ హామీ మీద పార్ట్‌నర్‌కి అది ఇమ్మని అడగడం. కనీసం 12 నెలలు ఆగకుండా ఒకే ఇంట్లో దంపతుల్లా బతికిన ఇద్దరిని కెనడా ఇమిగ్రేషన్ కామన్‌లా పార్ట్‌నర్లుగా గుర్తిస్తుంది. స్పాన్సర్ చేసే విషయంలో పెళ్లయిన వాళ్లకి ఉన్న హక్కే వీళ్లకీ ఉంది. ఇద్దరూ ఆడవాళ్లయినా, ఇద్దరూ మగవాళ్లయినా అంతే. భార్యనో భర్తనో పార్ట్‌నర్‌నో స్పాన్సర్ చేయడానికి మామూలుగా ఇంత ఆదాయం ఉండాలన్న షరతు కూడా లేదు. స్పాన్సర్‌కి 18 ఏళ్లు నిండాలి, పీఆర్ అయితే కెనడాలోనే ఉంటుండాలి, వైకల్యం కారణంగా తప్ప ప్రభుత్వ సోషల్ అసిస్టెన్స్ మీద ఉండకూడదు. తనే ఒకరి భార్యగానో భర్తగానో స్పాన్సర్ అయి వచ్చినవాళ్లు మాత్రం పీఆర్ వచ్చిన ఐదేళ్ల వరకు మరొకరిని పార్ట్‌నర్‌గా తీసుకురాలేరు.

అయితే "రెండేళ్లుగా కలిసే ఉంటున్నాం" అనగానే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. నీకు పీఆర్ ఎప్పుడొచ్చింది? ఆ ఫారంలో మారిటల్ స్టేటస్ దగ్గర ఏం రాశావు?

చాలామంది అక్కడ ఆగిపోతారు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లని బట్టి పీఆర్ ఇచ్చే పద్ధతి) పార్ట్‌నర్‌ని చూపిస్తే ఆ పాయింట్ల లెక్క అయిన సీఆర్‌ఎస్ స్కోరు తగ్గుతుందని కొందరు, "పెళ్లి కాలేదు కదా, సింగిలే" అనుకుని కొందరు సింగిల్ అని రాసేస్తారు. ఇమిగ్రేషన్ నిబంధనల్లో 117(9)(డి) అని ఒకటుంది. మీరు పీఆర్ అయ్యే రోజుకి మీకు కామన్‌లా పార్ట్‌నర్ ఉండి, వాళ్ల పేరు చెప్పక, వాళ్లకి మెడికల్, ఇతర తనిఖీలు జరగకపోతే, ఆ మనిషిని తర్వాత ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేసే దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నా తెరుచుకోదు. పైగా తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే ఐదేళ్ల నిషేధం పడొచ్చు, వచ్చిన పీఆర్‌కే ముప్పు రావచ్చు. మానవతా కారణాల మీద అడిగే వీలుంది కానీ అది వేరే పోరాటం. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు ఫారాలు నింపే ముందు లైసెన్సున్న ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. ఇక్కడ ఆ ఖర్చు దండగ కాదు.

ఇంకా పీఆర్ రానివాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే. దరఖాస్తు పెట్టినప్పుడు పది నెలలే కలిసున్నారనుకోండి, అప్పటికి సింగిల్ అని రాయడం నిజమే. కానీ ఫైల్ నడుస్తుండగా 12 నెలలు దాటితే మీ స్టేటస్ మారింది. ల్యాండింగ్ (పీఆర్ ఖరారు కావడం) పూర్తి కాకముందే ఐఆర్‌సీసీకి, అంటే కెనడా ఇమిగ్రేషన్ శాఖకి, వెబ్‌ఫారం ద్వారా చెప్పాలి. స్కోరు మారుతుందేమో, ఫైల్ ఆలస్యమవుతుందేమో అని టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. అయినా చెప్పాలి. ఆ మనిషితో జీవితం గడపాలని ఉంటే చెప్పక తప్పదు.

ఇక 12 నెలల లెక్క. వారాంతాల్లో వచ్చి ఉండటం లెక్కలోకి రాదు. ఒకరు వాటర్లూలో, ఒకరు టొరంటోలో చెరో గది తీసుకుని ఉంటే ఎంత ప్రేమ ఉన్నా అది కలిసి ఉన్నట్టు కాదు. అమ్మకి ఒంట్లో బాగోలేదని నెల రోజులు విజయవాడ వెళ్లొస్తే లెక్క తెగిపోదు. ఆ టికెట్లు, కారణం చూపించే కాగితాలు మాత్రం దాచుకోండి. కలిసి ఉన్నది కెనడాలోనే కావాలని కూడా లేదు. గచ్చిబౌలిలో ఫ్లాట్ తీసుకుని ఏడాది కలిసి ఉన్నా చెల్లుతుంది. మన దగ్గర రెంటల్ అగ్రిమెంట్ ఎక్కువగా 11 నెలలకే రాస్తారు కాబట్టి ఒక్క అగ్రిమెంట్‌తో 12 నెలలు నిండవు. రెన్యువల్ చేసిన రెండోది కూడా పెట్టండి, రెండింట్లోనూ ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకోండి.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. మనవాళ్లు సహజీవనం చేస్తారు కానీ దాని ఆనవాలు ఎక్కడా మిగలనివ్వరు. లీజు ఒకరి పేరు మీదే ఉంటుంది. బ్యాంకు ఖాతాలు వేరు. వీడియో కాల్‌లో అమ్మ కనిపించగానే పార్ట్‌నర్ పక్కగదిలోకి వెళ్లిపోతారు. ఫొటోలు ఎక్కడా పెట్టరు. చుట్టాలబ్బాయి ఎవరైనా అదే ఊళ్లో ఉంటే ఇంటి అడ్రస్ కూడా చెప్పరు. ఇంట్లో తెలియకూడదని ఏవేవి దాచారో, ఆఫీసర్ అడిగేవి సరిగ్గా అవే. ఐఎంఎం 5532 ఫారంలో మీరెలా కలిశారు, ఎప్పటి నుంచి కలిసి ఉంటున్నారు, మీ సంబంధం గురించి ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ తెలుసా అన్న సంగతులన్నీ రాయాలి. బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు కలిసి ఉండే మన పద్ధతిలో, మీరిద్దరూ రూమ్మేట్స్ కాదని చూపించాల్సిన భారం మీదే.

అందుకని ఈ నెల నుంచే మొదలుపెట్టండి. లీజులో ఇద్దరి పేర్లూ రాయించండి. క్యాష్ తీసుకుని కాగితం ఇవ్వని ఓనర్లు చాలామంది ఉన్నారు. ఒంటారియోలో 2018 ఏప్రిల్ 30 నుంచి కొత్తగా కుదుర్చుకున్న అద్దెల్లో చాలావాటికి స్టాండర్డ్ లీజు తప్పనిసరి. మీరు రాతపూర్వకంగా అడిగితే ఓనరు 21 రోజుల్లో ఇవ్వాలి. ఓనరు కుటుంబంతో వంటగదో బాత్రూమో పంచుకునే ఇళ్లకి ఇది వర్తించదు. అలాంటి చోట ఓనరు దగ్గర సంతకం చేసిన ఉత్తరమైనా తీసుకోండి, అద్దె క్యాష్‌గా కాకుండా ఈ-ట్రాన్స్‌ఫర్‌లో పంపండి. హైడ్రో (కరెంటు) బిల్లు, ఇంటర్నెట్, కారు ఇన్సూరెన్స్ ఒకే అడ్రస్‌కి రావాలి. డ్రైవింగ్ లైసెన్స్‌లో అడ్రస్ మార్చుకోండి, ఒంటారియోలో ఇల్లు మారిన ఆరు రోజుల్లో మార్చాలన్నది ఎలాగూ రూలే. ఇంటి ఖర్చులకి జాయింట్ ఖాతా ఒకటి తెరిచి నిజంగా వాడండి. నెలనెలా కిరాణా, అద్దె అందులోంచి పోతుంటే ఆ స్టేట్‌మెంట్లు బాగా పనికొస్తాయి. ఫైల్ పెట్టే ముందు వారం తెరిచి వెయ్యి డాలర్లు వేసిన ఖాతాని ఎవరూ నమ్మరు. ఆఫీసు డెంటల్ ప్లాన్‌లో పార్ట్‌నర్ పేరు చేర్చారంటే అది చాలా బలమైన ఆధారం. వీటితోపాటు ఐఎంఎం 5409 అనే ప్రమాణపత్రం మీద ఇద్దరూ నోటరీ ముందు సంతకం చేయాలి. ఆ ఒక్క కాగితమే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ట్యాక్స్ సంగతి చాలామందికి తట్టదు. కెనడా ట్యాక్స్ శాఖ అయిన సీఆర్‌ఏకి కూడా 12 నెలలు కలిసుంటే కామన్‌లాయే, ఇద్దరికీ పుట్టిన బిడ్డ ఉంటే అంతకంటే ముందే. స్టేటస్ మారిన నెల తర్వాతి నెలాఖరులోగా వాళ్లకి చెప్పాలి. జీఎస్టీ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు) కోసం ఇద్దరూ సింగిల్ అని రిటర్న్ వేస్తూ, ఇమిగ్రేషన్‌కి మాత్రం రెండేళ్లుగా దంపతులమని రాస్తే, నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్ (రిటర్న్ పరిశీలించాక సీఆర్‌ఏ పంపే కాగితం) చూసిన ఆఫీసర్ దేన్ని నమ్మాలి? పాత రిటర్నులు సరిచేసి, ఎక్కువొచ్చిన క్రెడిట్ తిరిగి కట్టేసి, ఆ తర్వాతే ఫైల్ పెట్టండి.

ఇంట్లో చెప్పే విషయం. మన ఇళ్లలో ఈ మాట నోరు దాటడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందరికీ ఒక్కసారే చెప్పనక్కర్లేదు. అక్కకో, తమ్ముడికో, పిన్నికో, మీ పక్షాన నిలబడే ఒక్కరికి చెప్పండి. వాళ్లు రాసిన ఉత్తరం, దాని సర్టిఫైడ్ అనువాదం ఫైల్లో ఉంటే చాలా బలం. తెలుగులోనే, వాళ్ల మాటల్లోనే రాయనివ్వండి. కులం వేరనో, మతం వేరనో ఇంట్లోవాళ్ల వల్ల నిజంగా ప్రమాదం ఉన్నవాళ్లు చెప్పొద్దు. ఎందుకు చెప్పలేదో వివరంగా ఒక లెటర్ రాసి ఫైల్లో పెట్టండి. కారణం రాస్తే ఆఫీసర్ అర్థం చేసుకోగలరు, రాయకుండా ఖాళీ వదిలేస్తే సందేహపడతారు.

పాత పెళ్లి ఇంకా చట్టపరంగా తెగని వాళ్ల ప్రశ్న కూడా తరచూ వస్తుంది. హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు ఏళ్లుగా నడుస్తుంటే మళ్లీ పెళ్లి చేసుకోలేరు. కానీ ఆ పెళ్లి ముగిసిపోయి, భార్య లేదా భర్త నుంచి కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ, ఆ కాలంలో కొత్త పార్ట్‌నర్‌తో 12 నెలలు కలిసి ఉంటే కామన్‌లాగా స్పాన్సర్ చేయొచ్చు. కోర్టు కాగితాలు, విడిగా ఉంటున్నట్టు ప్రమాణపత్రం జతచేయండి. ఇలాంటి వాళ్లకి ఈ దారి నిజంగా వరం.

పార్ట్‌నర్ ఇండియాలోనే ఉండిపోయిన స్వలింగ జంటల కష్టం వేరు. 2023 అక్టోబర్ 17న మన సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకి గుర్తింపు ఇవ్వడానికి నిరాకరించింది. అక్కడ పెళ్లి కుదరదు, ఇక్కడికి వీసా రాక కలిసి ఉండనూ లేరు. ఇలాంటి వాళ్ల కోసమే కాంజుగల్ పార్ట్‌నర్ అనే మూడో వర్గం ఉంది. కనీసం ఏడాది బంధం, కలిసి ఉండలేకపోవడానికి బలమైన అడ్డంకి రెండూ చూపించాలి. కష్టమైన ఫైలే, కానీ వదులుకోవద్దు.

ఏ అడ్డంకీ లేనివాళ్లు, 12 నెలల ఆధారాలు బలహీనంగా ఉన్నవాళ్లు ఇక్కడే సిటీ హాల్‌లో పెళ్లి చేసుకోవడం గురించి ఆలోచించండి. పెళ్లయితే ఏడాది కలిసున్నట్టు చూపించాల్సిన పని ఉండదు, బంధం నిజమైనదని చూపిస్తే చాలు. ఒంటారియోలో మ్యారేజ్ లైసెన్స్ 90 రోజులు చెల్లుతుంది. ఇండియాలో విడాకులు తీసుకున్నవాళ్లు ఆ లైసెన్స్‌కి ముందు ఇక్కడి లాయర్ అభిప్రాయ లేఖ తెచ్చుకోవాలి.

పార్ట్‌నర్ మీతోపాటు కెనడాలోనే ఉంటే ఇన్‌ల్యాండ్‌లో (కెనడాలో కలిసి ఉంటున్నవాళ్ల వర్గం) పెట్టొచ్చు, ఔట్‌ల్యాండ్‌లోనూ (పైన చెప్పిన ఫ్యామిలీ క్లాస్) పెట్టొచ్చు. ఇన్‌ల్యాండ్ తిరస్కరిస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి వెళ్లే హక్కు లేదు, ఔట్‌ల్యాండ్‌కి ఉంది. ఇండియా ప్రయాణాలు తప్పనివాళ్లకి కూడా ఔట్‌ల్యాండే మేలని నా అభిప్రాయం. వర్క్ పర్మిట్ అయిపోతున్న పార్ట్‌నర్ స్టేటస్ పోకముందే ఫైల్ చేరేలా చూసుకోండి, ఫైల్ అందినట్టు లెటర్ వచ్చాక ఓపెన్ వర్క్ పర్మిట్‌కి పెట్టుకోవచ్చు. 2024 ఏప్రిల్ పెంపుతో మొత్తం ఫీజు 1,205 డాలర్లు, బయోమెట్రిక్స్‌కి మరో 85 అయ్యింది. ఈ ఫీజులు రెండేళ్లకోసారి మారుతుంటాయి, కట్టే రోజున ఐఆర్‌సీసీ సైట్‌లో చూసుకోండి. క్యూబెక్‌లో ఉన్నవాళ్లకి ఆ ప్రావిన్స్ ప్రక్రియ అదనం.

సంతకం పెట్టే ముందు స్పాన్సర్ తెలుసుకోవాల్సింది ఉంది. పార్ట్‌నర్‌కి పీఆర్ వచ్చిన రోజు నుంచి మూడేళ్లు వాళ్ల కనీస అవసరాల బాధ్యత మీది. మధ్యలో విడిపోయినా ఆ బాధ్యత పోదు, వాళ్లు సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటే ఆ డబ్బు ప్రభుత్వం మీ దగ్గర వసూలు చేస్తుంది.

స్పాన్సర్ అయి వచ్చే అమ్మాయిలకి కూడా ఒక మాట. పీఆర్ వచ్చాక రెండేళ్లు కలిసి ఉండి తీరాలన్న పాత షరతుని 2017 ఏప్రిల్‌లోనే తీసేశారు. నిజమైన బంధంతో పీఆర్ వచ్చాక, కొట్టేవాడి దగ్గర్నుంచి బయటికొచ్చినంత మాత్రాన మీ పీఆర్ పోదు. పీఆర్ ఇంకా రాకముందే అలాంటి పరిస్థితి వస్తే గృహహింస బాధితులకి ఫీజు లేకుండా ఇచ్చే టెంపరరీ రెసిడెంట్ పర్మిట్ ఉంది. "వెళ్లిపోతే నిన్ను ఇండియాకి పంపించేస్తారు" అని ఎవరైనా బెదిరిస్తే ముందు మీ ప్రావిన్స్ లీగల్ ఎయిడ్‌కి ఫోన్ చేయండి.